తొమ్మిది రోజుల తీగ

నాలుగో ప్రకరణం

గోధాగిరి కోటను కొండ మీద కట్టారని పొరుగు రాజ్యాలవాళ్లు అనుకుంటారు. అది కొండ కాదు, ఉడుము. ఏ యుగంలోనో ఎండ కాచుకుంటూ పడుకుంది. వీపు మీద మట్టి పేరింది. మట్టి మీద మద్దిచెట్లు లేచాయి. చెట్లు కొట్టి మనుషులు ఇళ్లు కట్టుకున్నారు. ఇప్పుడు దాని వెన్నెముక వెంట ఏడు ప్రాకారాలు, ప్రాకారాల మీద పాలరాతి బురుజులు, బురుజుల మీద నెమలికంఠం రంగు పతాకాలు. దాని మెడ మీద తూర్పు ద్వారం. శ్వేతవాహినీ నదిలో మునిగిన దాని తోక మీద తామరలు పూస్తాయి. వసంతమంటపంలో పరిచిన చంద్రకాంతశిలలు పగటిపూట కూడా చెమరుస్తాయని కవులు పొగుడుతారు. ఆ చెమట శిలలది కాదు. ఆ సంగతి ఏ కవీ రాయడు.

ఒళ్లు కాగితే ఉడుము లేస్తుంది. అందుకే గోధాగిరి వాళ్లకి చీకటంటే భయం లేదు. మిట్టమధ్యాహ్నమంటే భయం.

నీడ కాళ్ల కిందికి వచ్చే వేళకి ప్రతిరోజూ జేగంట కొడతారు. వీణామంటపంలో పండితుడు చిట్టివీణ ఒళ్లో పెట్టుకుని జోల వాయిస్తాడు. చిట్టివీణ నిజంగానే చిట్టిది, నెలల బిడ్డంత. పనసచెక్క కుండ, మైనంలో కూర్చిన పన్నెండు కంచుమెట్లు, నాలుగు తీగలు. పైవి రెండూ నరం తీగలు. కిందివి రెండూ చుట్టు తీగలు. పేనిన పట్టుపోగు మీద వెంట్రుకంత రాగి, సందు లేకుండా చుట్టినవి. నరం తీగలు మనుషుల చెవికి. చుట్టు తీగలు ఉడుము పొట్టకి. వాటి బరువైన మోత రాళ్లలోకి దిగి, దాన్ని మళ్లీ నిద్రపుచ్చుతుంది.

ఆ చుట్టు తీగలు చేసేవాడు కొమరప్ప. అతని తాతల నాటి నుంచీ అదే పని. ఆ పనికో కట్టుబాటు ఉంది. తీగ చుట్టేవాడు వీణ తాకకూడదు, చూడనూ కూడదు. పండితుడు కబురు పెడితే కొత్త తీగను ఇత్తడి పళ్లెంలో పెట్టి మంటపం గడప బయట దించి, వెనక్కి తిరగాలి. పాత తీగ వాడికి తిరిగి రాదు. జోల పాడిన తీగకి శవసంస్కారం చెయ్యాలని పండితుడే దాన్ని నిప్పుల్లో వేస్తాడు. తప్పినవాడి చెయ్యి పోతుంది. ఎందుకని అడిగినవాడు లేడు. గోధాగిరిలో అడగడం అలవాటు లేదు.

అతని తీగలు తొలకరి నుంచి తొలకరి దాకా ఉండేవి. మూడు నెలలుగా తొమ్మిది రోజులు ఉండటం లేదు.

కొమరప్ప రాగి మార్చాడు. పట్టు మార్చాడు. తీగ లాగే కమ్మచ్చు మార్చి, బెజ్జాలు తనే కొత్తగా తొలిచాడు. అయినా తొమ్మిదో రోజుకల్లా కొత్త తీగ పంపమని కబురొచ్చేది. రెండుసార్లు ఆ కబురు రాకముందే జోల మధ్యలో తీగ పుటుక్కున తెగింది. మొదటిసారి ఉడుము ఒళ్లు విరుచుకుంటే ధాన్యాగారం గోడ పగిలింది. రెండోసారి కుమ్మరివీధి చీలి పదకొండు ఇళ్లు లోపలికి పోయాయి. ఇళ్లలో మనుషులున్నారు. దండవర్మ మహారాజు కొమరప్పను పిలిపించి ఒక్కమాట అన్నాడు.

"ఈసారి తెగితే నీ తల."

ఆ తీగకి ఇవాళ తొమ్మిదో రోజు. కొత్త తీగ పంపమని పండితుడి నుంచి కబురు రాలేదు.

పొద్దు బారెడెక్కేసరికి మంటపం ఊడ్చే పోలమ్మ అతని గడప దగ్గరికొచ్చి చీపురు గోడకి ఆనించింది.

"అన్నా, నీ పెళ్లాం పోయినకాడ్నించీ నీ చేతిలో పని చచ్చిందని ఊరంతా అంటన్నారు."

కొమరప్ప తల ఎత్తలేదు. భార్య వెంగమ్మ పోయి రెండేళ్లు. పట్టు పేనే పని ఆమెది, చుట్టే పని తనది. ఊరన్న మాట అతను తనలో తను ఎప్పుడో అనుకున్నాడు.

"ఊరికి నోరుంది. ఆ కంపు మోసుకుని ఇక్కడిదాకా వచ్చావా?"

"నేను మోసుకొచ్చింది అది కాదులే." ఆమె చీపురుపుల్లల మధ్యకి వేళ్లు పోనిచ్చి జానెడు తీగముక్క బయటికి లాగింది. "కిందటిసారి తెగింది. నిప్పుల్లో వెయ్యబోతే ఈ ముక్క ఎగిరి నా చెత్తలో పడింది."

"తెలిస్తే నీ చెయ్యి నరుకుతారు."

"రెండున్నాయి గదా. ఊడవటానికి ఒకటి చాలు. ముందు చూడన్నా."

వాడిన తీగను కొమరప్ప చేతిలో పట్టుకోవడం అదే మొదటిసారి. అతని తండ్రికీ తాతకీ కూడా ఆ అదృష్టం పట్టలేదు. వెలుగులో పెట్టి తీగ పొడవునా గోరు జరిపాడు. చుట్టు బిగువుగా ఉంది. రాగి మెరుస్తోంది. ఒకచోటికి వచ్చేసరికి గోరు ఆగింది. యవగింజంత మేర రాగి లేదు. ఉలితో చెక్కినట్టు పోయింది. లోపలి పట్టు పీచు లేచి, పిల్లి మీసంలా నిక్కబొడుచుకుంది. దానికి అటూ ఇటూ తీగ కొత్తగా ఉంది.

అతను ఆ చోటు పోలమ్మకి చూపించాడు.

"తప్పు తీగదైతే పొడుగునా అరగాలి పోలమ్మా. ఒక్కచోటే అరిగిందంటే తీగ తనంతట అరగలేదు. తీగని ఏదో తింది."

"ఏది?"

"మెట్టు. వేలితో తీగని ఏ మెట్టు మీద నొక్కుతారో ఆ మెట్టు. నేను చూడాలి."

"వీణనా? నీకు తల మీద ఆశ లేదా?"

"జేగంట కొట్టేదాకా ఉంది. తర్వాత ఎటూ లేదు. నువ్వు లోపలికి ఎంతమందితో పోవచ్చు?"

పోలమ్మ అతని వైపు ఎగాదిగా చూసింది. "మా తోటికోడలు అప్పుడప్పుడూ సాయమొస్తది. కానీ దానికి మీసం లేదన్నా."

కొమరప్ప లేచి కత్తి నూరుకున్నాడు. మీసం తీశాక అద్దంలో చూసుకోలేదు. చూడమని చెప్పే మనిషి ఇంట్లో లేదు. పెట్టెలోంచి వెంగమ్మ నీలం చీర తీసి కట్టుకున్నాడు. చీర కింద నడుముకి మొలతాడు బదులు ఒక చుట్టు తీగ ఉంది. వెంగమ్మ పేనిన ఆఖరి పోగు మీద చుట్టింది. రాజు అడిగినా ఇవ్వకూడదని దాన్ని రెండేళ్లుగా ఒంటి మీద ఉంచుకున్నాడు.

మంటపం ద్వారం దగ్గర కావలివాడు ఈటె అడ్డం పెట్టాడు.

"ఈవిడెవరే పోలీ?"

"మా తోటికోడలు. మూగది."

"మూగ తోటికోడలా? ఏం నోము నోచావే తల్లీ." కావలివాడు ఈటె తీశాడు. ముసుగు ఎత్తమనలేదు. ఊడ్చేదాని మొహం చూడాలని ఎవడికుంటుంది?

వీణామంటపం పైకప్పు లేని మంటపం. నలభై స్తంభాలు, ఒక్కో స్తంభానికీ నోరు తెరిచిన మకరం. నడిమధ్య నల్లరాతి పీఠం, పీఠం మీద జింకతోలు, తోలు మీద చిట్టివీణ. నేల వెచ్చగా ఉంది. చెవి పెట్టి వింటే నేల కింద ఊపిరి వినిపిస్తుంది, పొలిమేరలో ఎవరో జల్లెడ పడుతున్నట్టు. స్తంభాల నీడలు మొదళ్ల దగ్గరికి వచ్చేశాయి.

పోలమ్మ దుమ్ము లేపుతూ ఊడ్చింది. ఆ దుమ్ము చాటున కొమరప్ప పీఠం దగ్గరికి పాకాడు.

మెట్లు పన్నెండూ చూపుకి ఒక్కలాగే ఉన్నాయి. ఒక్కొక్కదాని మీదా వేలి కొస ఆనించాడు. మొదటిది నున్నగా ఉంది. రెండోదీ అంతే. మూడోదాని మీద వేలు జరిపేసరికి చురుక్కుమంది. నెత్తురు చుక్క తేలింది. వంగి చూశాడు. మెట్టు అంచు పొడవునా సన్నటి పళ్లు, చీమపళ్లంతేసి. అది మెట్టు కాదు. కంచుపూత పూసిన ఆకురాయి.

ఎవడో తీగల్ని కావాలని ఆకురాయితో అరగదీస్తున్నాడు. ఎందుకో కూడా అప్పుడే కనిపించింది. మూడో మెట్టు కింద జింకతోలు మీద ఎర్రగా పొడి రాలి ఉంది. గాలికి పోకుండా తోలుని ఆ మేర కొద్దిగా గుంట చేశారు.

"ఈ తోలు మాత్రం నన్ను దులపనియ్యడన్నా," పోలమ్మ చీపురు ఆపకుండా గొణిగింది. "పండితులవారికి మూడు నెలల కిందట జ్వరమొచ్చి తగ్గింది చూడు. అప్పట్నించీ ఆయనే దులుపుకుంటాడు."

వెనక పావుకోళ్ల చప్పుడైంది.

వామదేవ పండితుడు వచ్చాడు. నలభై ఏళ్లుగా జోల వాయిస్తున్నవాడు. తెల్లటి గడ్డం, నుదుటిన గంధం, రాజు కూడా లేచి నిలబడే మనిషి. ఊడ్చేవాళ్లని చూడలేదు. నేరుగా పీఠం దగ్గరికి వచ్చి, అంగవస్త్రం కింద నుంచి పొట్టేలు కొమ్ము తీసి, జింకతోలు మీది ఎర్రపొడి అందులోకి వంపాడు. కొమ్ము లోపలికి చూసుకుని బిడ్డతో మాట్లాడినట్టు మాట్లాడాడు.

"జోల విన్న రాగివి నువ్వు. నిండుగా నువ్వెవరి చేతిలో ఉంటే ఉడుము వాడి మాట వింటుంది. ఇంకొక్క తీగ. ఇవాళ్టి తీగ. తర్వాత ఈ కోటని వీపున మోసుకుంటూ మనం ఏ రాజ్యం మీదికైనా నడుచుకుంటూ పోవచ్చు."

మాట ఆగింది. వేలు మూడో మెట్టు మీద ఆగింది.

"ఈ నెత్తురెవరిది?"

కొమరప్ప కొంగులో చెయ్యి దాచుకునేలోపు పండితుడు మణికట్టు దొరకపుచ్చుకున్నాడు. ముసలి పట్టు కాదు, ఇనుప పట్టు. వేలి కొస మీది గాటు చూశాడు. ముసుగు లాగాడు. కొమరప్ప తన వంతుగా ఆ పట్టుకున్న చేతి వేళ్లు చూశాడు. నలభై ఏళ్లు రాగి నొక్కిన వేళ్లకి గాడి పడుతుంది. గాడిలో చిలుము పట్టి, ఎన్ని నీళ్లు పోసినా పచ్చగానే ఉంటుంది. ఈ వేళ్లు వెన్నలా నున్నగా ఉన్నాయి.

"నువ్వు వామదేవుడివి కాదు," అన్నాడు కొమరప్ప.

"నువ్వు ఆడదానివి కాదు," అన్నాడు వాడు. "ఇద్దరిలో రాజు ఎవరి మాట వింటాడో చూద్దాం."

చూడటానికి ఎక్కువసేపు పట్టలేదు. బాకా మోగింది. తీగ నిలుస్తుందో లేదో చూడాలని దండవర్మ మహారాజు భటులతో లోపలికి వచ్చాడు. పండితుడి రూపంలో ఉన్నవాడు చేతులు జోడించి చెప్పుకున్నాడు. "ప్రభూ, తీగ చుట్టేవాడు ఆడవేషం వేసుకుని వచ్చి వీణ తాకాడు. వాడి నెత్తురు మెట్టు మీదే ఉంది. నా తీగలు ఎందుకు తెగుతున్నాయో ఇప్పుడు అర్థమైంది."

"తాకావా?" అన్నాడు రాజు.

"తాకాను ప్రభూ. మూడో మెట్టు ఆకురాయి. మీరూ ఒకసారి తాకి చూడండి. ఈయన వేళ్లు చూడండి."

"నేను అడిగింది ఒక్కటే. తాకావు. చెయ్యి పోతుంది."

"మెట్టు చూశాక నరకండి."

"శాసనం మెట్టు గురించి చెప్పలేదు."

జేగంట మోగింది. స్తంభాలకి నీడ లేదు. నేల కింద జల్లెడ చప్పుడు ఆగిపోయింది. ఊపిరి బిగబట్టినట్టు.

"ముందు జోల," అన్నాడు రాజు. "చెయ్యి తర్వాత."

వాడు పీఠమెక్కి వీణ ఒళ్లోకి తీసుకున్నాడు. రాజుకి నమస్కరించి మొదలుపెట్టాడు. మొదటి చరణం చక్కగానే పలికింది. రెండో చరణంలో వేలు మూడో మెట్టు దగ్గరికి పోయి, అక్కడే తీగని అటూ ఇటూ రాపాడింది. గమకం అనుకుని భటులు తలలూపారు. కొమరప్పకి మాత్రం తన ఎముక మీద ఎవరో రంపం పెట్టినట్టుంది. ఎర్రపొడి సన్నగా రాలింది. పట్టు కనిపించింది. ఒక్కొక్క పోగే లేచింది.

మూడో చరణానికి తీగ తెగింది.

నేల ఒక్క మూర పైకి లేచి పడింది. నాలుగు స్తంభాలు కూలి, ఒకదాని కింద ఇద్దరు భటులు పోయారు. దూరంగా బురుజులు విరుగుతున్న చప్పుడు, ఊరంతా ఒకే గొంతై ఏడుస్తున్న చప్పుడు. పీఠం మీద గంధం బొట్టు, తెల్లగడ్డం, ముసలి చర్మం మైనంలా కరిగి జారాయి. లోపల్నించి పొగరంగు జడలవాడు ఒకడు లేచి నిలబడ్డాడు. ధూమ్రజటి. దండవర్మ తండ్రి ఏడేళ్ల యుద్ధం చేసి దేశం నుంచి తరిమిన మాంత్రికుడు.

"పండితుడేడీ?" రాజు కత్తి దూశాడు.

"ఉడుము నోట్లో, పళ్ల సందున. మూడు నెలలుగా అక్కడే. ప్రాణం ఉండొచ్చు."

వాడు జింకతోలు మడిచి చివరి పొడి కొమ్ములోకి వంపుతున్నాడు. అంతలో పోలమ్మ చీపురు తిప్పి మోటువైపుతో కొమ్ము మీద ఒక్కటి పెట్టింది. సగం పొడి నేల మీద ఒలికింది. వాడు అందుకోబోయేలోపు ఆమె దాన్ని రెండు ఊడ్పుల్లో రాళ్ల సందులోకి తోసేసింది.

"ఎవర్తివే నువ్వు?"

"మూడు నెలలుగా నీ ఎదరే ఊడుస్తున్నా. ఇప్పుడా అడగటం?"

వాడు సగం కొమ్ముతోనే ప్రాకారమెక్కి, తూర్పు ద్వారం వైపు, ఉడుము మెడ వైపు గాలిలో జారిపోయాడు.

నేల మళ్లీ లేచింది. కొమరప్ప అప్పటికే పీఠం మీద ఉన్నాడు. చీర కుచ్చిళ్లు తప్పించి మొలకున్న తీగ విప్పాడు. రెండేళ్లుగా విప్పని ముడి. పంటితో లాగి వదులు చేశాడు. ఒక కొస వీణ అడుగు మేకుకి తగిలించి, తీగల్ని ఎత్తి పట్టే గుర్రపుచెక్క మీదుగా పోనిచ్చి, రెండో కొస బిరడాకి చుట్టి బిగించాడు. తాత తండ్రులు ఎవరూ వీణకి తీగ కట్టి ఎరగరు. కానీ తీగ ఎంత బిగువు ఓరుస్తుందో అతనికి తెలిసినట్టు ఏ పండితుడికీ తెలియదు. జోల రాదు. పట్టు పేనేటప్పుడు కదురు తిరగడానికి వెంగమ్మ పాదంతో కొట్టే లయ ఒక్కటే వచ్చు. ఏ మెట్టూ తాకకుండా, ఉత్తతీగనే ఆ లయలో మీటాడు.

మోత రాయిలోకి దిగింది. ఉడుము వెనక కాళ్లు ఆగాయి. తోక ఆగింది.

ముందు కాళ్లు ఆగలేదు. ఒక అడుగు వేశాయి. వెనక సగం తీగ మాట విన్నది. ముందు సగం ధూమ్రజటి చేతిలోని పొడి మాట విన్నది. రెంటి మధ్యా కోట సాగింది. మంటపం నేలలో, పీఠానికి పది అడుగుల ముందు, వెంట్రుకంత పగులు కనిపించింది. చూస్తుండగా జానెడైంది.

రాజు పీఠం పక్కకి వచ్చి కత్తి పైకెత్తాడు. శాసనం అతని చేతిని ఎత్తించింది. కొమరప్ప తల తిప్పలేదు. మీటుతూనే ఉన్నాడు. చెయ్యి నరికితే మీటు ఆగుతుంది. మీటు ఆగితే వెనక కాళ్లు లేస్తాయి. దండవర్మ కత్తి పైకెత్తి అలాగే నిలబడ్డాడు. అతని మోచేతి మీదుగా చెమట కారి కొమరప్ప భుజం మీద పడింది.

"ఆ తీగ ఎంతసేపు ఉంటుంది?" అన్నాడు చివరికి.

"మెట్టు తగలకపోతే ఏడాది. ఈ వేగాన గోటితో కొడితే, పొద్దు గూకేదాకా."

"తర్వాత?"

"తర్వాత మీకు కోట ఉండదు. ఎవరి చెయ్యి నరకాలో వెతుక్కోనక్కర్లేదు."

రాజు భటుల వైపు చూశాడు. "ఆ మెడ మీదికి ఎవడు వెళతాడు?"

భటులు నేల చూశారు. కుమ్మరివీధి పోయినప్పుడు కూడా వాళ్లు నేలే చూశారు.

పోలమ్మ చీపురు పక్కన పెట్టి పీఠమెక్కింది. "లేవన్నా. రోజూ వీణ వినేదాన్నే. నువ్వు కొట్టే ఆ దెబ్బ నాకొచ్చేసింది, ఊడ్పు కంటే కష్టమేం కాదు. ఆ కొమ్ముని నువ్వే తేవాల. నీ తీగల్ని తిన్నది వాడే కదా."

ఇద్దరి వేళ్లూ ఒక దెబ్బకి ఒకేసారి తీగ మీద పడ్డాయి. మరు దెబ్బకి పోలమ్మ వేలు ఒక్కటే ఉంది. మోత తెగలేదు.

కొమరప్ప లేచి రాజు ముందు కుడిచెయ్యి చాపాడు. రాజు ఆ చేతిని చూశాడు. కత్తి దించి, పిడి ఆ చేతిలోనే పెట్టాడు.

"వాడి తల తెచ్చాక ఈ చెయ్యి తీసుకుంటాను. శాసనం శాసనమే."

"తీసుకోండి ప్రభూ. అప్పటిదాకా పని ఉంది."

పగులు నిలువెడు దాటింది. అడుగున మట్టి లేదు. బూడిదరంగు పొలుసులు కదులుతున్నాయి. కొమరప్ప చీర చెంగు నోట కరచుకుని దూకాడు. అవతలి అంచు మోకాలికి తగిలింది. లేచాడు. పడిన బురుజుల మీదుగా, తెగిన పతాకాల మీదుగా తూర్పు ద్వారం వైపు పరుగెత్తాడు. వెనక తీగ మోగుతూనే ఉంది. తిరిగి చూడనక్కర్లేదు. గోరు పడే చోట రాగి ఎంత పలచబడిందో చప్పుడే చెబుతోంది.

ద్వారం దాటాక దారి లేదు, మెడ ఉంది. దాని చివర పొగజడలవాడు కొమ్ము ఎత్తి నిలబడ్డాడు. వాడి పక్కన చెరువంత రెప్ప మెల్లగా పైకి లేచింది. ఆ నల్లటి కనుగుడ్డులో ప్రతిబింబమై, నీలం చీర మోకాళ్ల పైకి దోపుకుని, కత్తి పట్టుకుని, మీసం లేని మగాడొకడు పరుగెత్తుకుంటూ వస్తున్నాడు. ఉడుము వాడినే చూస్తోంది.